వరదలో రేటు పెంచడం పాపమేనా? బియ్యం వ్యాపారిగా నా జవాబు

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని నా మాటల్లో చెబుతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు మీ నాన్నగారు కిరాణా కొట్లో ఉన్న నీళ్ల క్యాన్లు, కొవ్వొత్తులు, బియ్యం అన్నీ పాత రేటుకే ఇచ్చారు. పొద్దున పదింటికల్లా కొట్టు ఖాళీ. అదే వీధి చివర ఇంకో కొట్టాయన 20 రూపాయల నీళ్ల క్యాన్ 80కి అమ్మాడు. అయితే ఆయన దగ్గర మూడో రోజు కూడా నీళ్లు దొరికాయి, ఎందుకంటే ట్రాక్టరుకు అడిగినంత కిరాయి ఇచ్చి గన్నవరం వైపు నుంచి తెప్పించాడు. వీధంతా ఆయన్ని తిట్టుకుంది. "అది పాపపు సొమ్ము, నిలవదు" అన్నారు మీ నానమ్మగారు. ఎంబీఏలో చదివింది ఒకటి, ఇంట్లో విన్నది ఇంకొకటి, మీకు టెన్షన్ పట్టుకుంది. దేవుణ్ణి నమ్మే మనిషి స్వేచ్ఛా మార్కెట్‌ను సమర్థించవచ్చా, ప్రభుత్వమే రేట్లు కట్టేస్తే ఈ గొడవ ఉండదు కదా అని అడిగారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ధర పెరగడంలో పాపం లేదు. పెరిగిన ధర చేతికి వచ్చాక మనిషి ఏం చేశాడో అక్కడ పాపమూ ఉంది, పుణ్యమూ ఉంది. ప్రభుత్వం రేటు కట్టేసినంత మాత్రాన మనుషులు ధర్మాత్ములు కారు, సరుకు మాత్రం రావడం మానేస్తుంది. ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. 1985లో మా నాన్నగారి పక్కన గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాణ్ణి, 38 ఏళ్లు బియ్యం వ్యాపారం చేసి ఈమధ్యే మా అబ్బాయికి అప్పగించాను.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. కోనసీమవాళ్లెవరూ ఆ తేదీ మర్చిపోరు. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరి తోటలు తోటలే నేలకు ఒరిగాయి. మా కొట్టు అప్పుడు అమలాపురం దగ్గర ఉండేది, గోడౌన్‌లో 140 బస్తాల బియ్యం ఉన్నాయి. తుపానుకు ముందు కిలో 9 రూపాయలు అమ్ముతున్నాం. తెల్లారగానే నాన్నగారు దేవుడి గదిలోంచి బయటికి వచ్చి, "ఒక్క పైసా పెంచడానికి వీల్లేదు" అన్నారు. నేనూ సంతోషంగా ఒప్పుకున్నాను. మధ్యాహ్నానికి సరుకంతా అయిపోయింది.

ఎవరు పట్టుకెళ్లారో చెప్పాలి. హోటళ్లవాళ్లు ఇద్దరు చెరో ఇరవై బస్తాలు ఎత్తారు. పెళ్లి పెట్టుకున్న ఇంటివాళ్లు పదిహేను తీసుకున్నారు. ఇంట్లో ఆర్నెల్ల తిండి ఉన్న ఆసాములు ట్రాక్టరు వేసుకుని వచ్చి, మళ్లీ దొరుకుతాయో లేదో అని ఐదేసి, పదేసి బస్తాలు వేసుకున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. రేటు పాతదే అయినప్పుడు జాగ్రత్త కోసం ఎక్కువ కొనడం మనిషి సహజం. సాయంత్రం లంక గ్రామాల ఆడవాళ్లు మోకాలి లోతు బురదలో నడిచి, తడిసిన చీరలతో, చేతిలో గోనె సంచులతో వచ్చారు. వాళ్ల ఇళ్లు లేవు, పొయ్యిలు లేవు. మా దగ్గర గింజ లేదు. మా నాన్నగారు అరుగు మీద కూలబడిపోయారు. ధర్మం అనుకుని చేసిన పని చివరికి ట్రాక్టరు ఉన్నవాడికి ఉపయోగపడింది. ఆ సాయంత్రం మా కొట్టు ముందు నిలబడిన మొహాలు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

మర్నాడు సరుకు కోసం రావులపాలెం వైపు బయల్దేరాను. దారి పొడవునా కొబ్బరి చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. మామూలుగా 600 కిరాయికి వచ్చే లారీ ఆసామి 1,800 అడిగాడు. టైర్లు పోతాయి, డ్రైవరు రానంటున్నాడు, రెండు రోజులు పట్టొచ్చు అన్నాడు. చెట్లు నరకడానికి నలుగురు కూలీలను లారీలోనే ఎక్కించుకున్నాం. వాళ్లూ రెట్టింపు అడిగారు, వాళ్ల ఇళ్లూ కూలిపోయి ఉన్నాయి మరి. అన్నీ కలిపితే బియ్యం మా గోడౌన్‌లో దిగేసరికి కిలో 10 రూపాయలు దాటింది. కిలో 12కు అమ్మాం. హోటలువాడు ఈసారి ఇరవై అడగలేదు, నాలుగు బస్తాలు తీసుకున్నాడు. ఆసాములు అసలు రాలేదు, ఇంట్లో ఉన్నవి తిన్నారు. లంకల నుంచి వచ్చినవాళ్లకు మనిషికి రెండు కిలోల లెక్కన పాత 9 రూపాయలకే, చేతిలో ఏమీ లేనివాళ్లకు ఊరికే కొలిచి ఇచ్చాం. బస్తాల మీద వచ్చిన లాభం లోంచే అది సాధ్యమైంది. నాన్నగారు చిట్టాలో దాన్ని ధర్మం ఖాతా కింద రాయించారు. నాలుగో రోజుకు తాడేపల్లిగూడెం నుంచి ఎవరెవరివో లారీలు వచ్చేశాయి. రేటు పదిన్నరకు దిగింది, వారం తిరక్కుండా మామూలైపోయింది. ఆ లారీలను పంపమని ఏ అధికారీ ఆర్డరు వెయ్యలేదు. అమలాపురంలో 12 పలుకుతోందన్న కబురు గూడెం చేరింది, అంతే.

ఆ 12 రూపాయల అంకె రెండు చోట్ల పని చేసింది చూడండి. ఊళ్లో ఉన్నవాడికి "ఇప్పుడు అవసరమైనంతే తీసుకో, నీ వెనక ఇంకొకడున్నాడు" అని చెప్పింది. ఊరి బయట ఉన్నవాడికి "ఇక్కడ కొరత ఉంది, కష్టమైనా సరే తీసుకురా" అని చెప్పింది. ఈ రెండు మాటలూ మైకు పట్టుకుని అరిచినా జనం వినరు, రేటు చెబితే వింటారు. మీ వీధి చివరి కొట్టాయన ట్రాక్టరు గన్నవరం దాకా వెళ్లిందంటే కారణం అదే. 20 రూపాయల క్యాన్ 20కే అమ్మాలంటే ఆయన ఆ నీళ్లలోకి ట్రాక్టరు దింపేవాడా? నాకు నమ్మకం లేదు. మీ నాన్నగారు మంచివారే, ఆయన మనసును నేను కించపరచడం లేదు. ఆయన చేసినదే మేమూ మొదటి రోజు చేశాం.

ఇక మతం సంగతి. వ్యాపారికి ధర్మం ఏం తెలుసులే అనుకునేవాళ్లు మనలో చాలామంది. భారతం శాంతిపర్వంలో తులాధారుడి కథ ఉంది. జాజలి అనే ముని కదలకుండా నిలబడి తపస్సు చేస్తుంటే ఆయన జడల్లో పిట్టలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి ఎగిరిపోయాయి. అంత ఓర్పు పట్టాను, నా అంత ధర్మాత్ముడు లేడని ఆయనకు గర్వం వచ్చింది. కాశీలో ఉన్న తులాధారుడికి నువ్వు సాటిరావు అని ఆకాశంలోంచి మాట వినబడింది. వెళ్లి చూస్తే అతనొక వర్తకుడు, కొట్లో కూర్చుని సరుకులు అమ్ముకుంటున్నాడు. ధర్మం ఏమిటని ఆ ముని అడిగితే, ఆ కొట్టుమనిషి చెప్పిన మాటల సారం ఇది: నేను ఎవరినీ మోసం చెయ్యకుండా కొంటాను, అమ్ముతాను, నా త్రాసు అందరికీ సమానం. మహామునికి పాఠం చెప్పడానికి వ్యాసుడు రాజును తేలేదు, ఇంకో మునినీ తేలేదు, కాటా పట్టుకున్నవాణ్ణి తెచ్చాడు. లారీలు తూచే కాటాను మనవాళ్లు ఇవాళ్టికీ ధర్మకాటా అంటారు. పాతకాలంలో ధాన్యం కొలిచేవాడు మొదటి కుంచాన్ని "ఒకటి" అనేవాడు కాదు, "లాభం" అని మొదలుపెట్టి తర్వాత "రెండు" అనేవాడు. లాభం అనే మాట అశుభం అనుకున్నవాళ్లు కళ్లం మీద అలా లెక్క మొదలుపెట్టరు కదా.

తులాధారుడు ఇంత లాభమే తియ్యాలని అంకె చెప్పలేదు, గమనించండి. త్రాసు గురించి చెప్పాడు. అయితే మన పెద్దలంతా ఒకే మాట మీద ఉన్నారని కూడా నేను అబద్ధం చెప్పను. కౌటిల్యుడు దేశంలో పుట్టిన సరుకు మీద నూటికి 5, బయటి సరుకు మీద నూటికి 10 లాభం అని హద్దు పెట్టాడు, దాటితే జరిమానా అన్నాడు. ఆయన రాజ్యం నడిపే పద్ధతి రాశాడు, రాజుకు అన్నీ తన చేతిలో ఉండాలనిపిస్తుంది. నా మనసు తులాధారుడి వైపే.

నాకు చిన్ననాటి స్నేహితుడొకడున్నాడు, క్రైస్తవుడు, చర్చి పనుల్లో బాగా చదువుకున్నవాడు. 1996 తర్వాత నేను మనసులో పెట్టుకుని తిరుగుతున్న ప్రశ్న చెబితే, ఇది 700 ఏళ్ల కిందటే థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ మత పండితుడు అడిగిన ప్రశ్న అన్నాడు. కరువున్న ఊరికి ఒక వర్తకుడు గోధుమలు తీసుకొచ్చాడు. తన వెనక ఇంకా చాలామంది గోధుమలతో వస్తున్నారని అతనికి తెలుసు, ఊరివాళ్లకు తెలియదు. ఆ సంగతి చెప్పకుండా అప్పుడున్న ధరకు అమ్మితే అన్యాయమా? న్యాయం ప్రకారం చెప్పి తీరాలని లేదు, చెప్పినా, ధర తగ్గించి ఇచ్చినా అది ఇంకా గొప్ప సుగుణం అన్నాడు అక్వినాస్. అంతకు చాలా ముందే సిసెరో అనే రోమన్ రచయిత ఇలాంటి కథ గురించే రాసి, చెప్పి తీరాల్సిందే అన్నాడు. నేను ఇక్కడ సిసెరో కంటే అక్వినాస్‌కు దగ్గర. న్యాయం ఒకటి, సుగుణం ఇంకొకటి అని ఆయన విడదీసిన తీరు నా వ్యాపారానికి చాలా వెలుగిచ్చింది. న్యాయం తప్పినవాణ్ణి పోలీసు పట్టుకోవచ్చు. సుగుణం చూపనివాణ్ణి పోలీసు ఏం చేస్తాడు? అది వాడికీ దేవుడికీ మధ్య లెక్క.

మా బజారులో బెల్లం వ్యాపారం చేసే ముస్లిం పెద్దాయన ఇంకో మాట చెప్పేవారు. మదీనాలో ధరలు పెరిగితే జనం వెళ్లి రేట్లు కట్టమని ప్రవక్తను అడిగారట. ధరలు నిర్ణయించేది అల్లాహ్, ఎవరి ఆస్తి విషయంలోనూ అన్యాయం చేశానన్న ఫిర్యాదు లేకుండా నేను ఆయన్ని కలవాలి అన్నారట ప్రవక్త. అదే నోటితో సరుకు దాచి కొరత పుట్టించేవాడు పాపి అని కూడా చెప్పారు. ఈ రెండు హదీసులూ, అంటే ప్రవక్త చెప్పినట్టు రాసిపెట్టిన మాటలు, కలిపి చదవాలి అనేవారాయన.

మీ పొరుగు కొట్టాయన పాపం చేశాడా లేదా అన్నది ఇప్పుడు చూడండి. 80 అన్న అంకె ఒక్కటీ చూస్తే తేలదు. క్యాన్‌లో కుళాయి నీళ్లు పట్టి మినరల్ వాటర్ అని అమ్మాడా? గోడౌన్‌లో ఉంచుకుని లేవని చెప్పాడా? ఇంకొకరి ట్రాక్టరు రాకుండా అడ్డుపడ్డాడా? పసిపిల్లను ఎత్తుకుని వచ్చిన తల్లి దగ్గర డబ్బులు లేకపోతే వెనక్కి పంపాడా? వీటిలో ఏది చేసినా మీ నానమ్మగారి మాటే నిజం, అది నిలవని సొమ్మే. ఏదీ చెయ్యకపోతే ఆ వీధి ఆయనకు అన్యాయం చేస్తోంది. మీరు రాసినదాన్ని బట్టి డబ్బు లేనివాళ్లకు ఆయన ఏం చేశాడో నాకు తెలియలేదు. కనుక్కోండి. అసలు ప్రశ్న అదే.

ఇక్కడ ఎవరైనా నన్ను అడగాలి, "డబ్బే లేనివాడికి ఆ రేటు ఏం కబురు చెబుతుందండీ?" అని. ఇది చాలా న్యాయమైన ప్రశ్న, స్వేచ్ఛా వ్యాపారం అనే నాలాంటివాళ్లు చాలామంది దీన్ని దాటేసి పోతారు. నేను దాటెయ్యను, ఎందుకంటే మన రాయలసీమే దీనికి సాక్ష్యం. 1876 నుంచి 78 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చిన కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వైస్రాయ్ లిట్టన్ వ్యాపారంలో చెయ్యి పెట్టొద్దు, రైళ్లున్నాయి, ధరలు పెరిగితే ధాన్యం అదే వస్తుంది అన్నాడు. ధాన్యం వచ్చింది కూడా. కానీ పంట పోయి కూలి లేని మనిషి చేతిలో కొనడానికి ఏముంది? ఆ సమయంలోనే ఈ దేశం నుంచి ఇంగ్లండుకు గోధుమలు ఓడలెక్కాయి. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1874లో బీహార్ కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించినవాడే. ఖర్చు ఎక్కువ పెట్టావని పైవాళ్లు తిట్టడంతో, మద్రాసు వచ్చేసరికి పిడికిలి బిగించాడు. కరువు పనుల్లో రోజంతా రాళ్లు కొట్టిన మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణా అన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. లక్షల మంది చనిపోయారు.

లిట్టన్ చేసినదాన్ని నేను ధర్మం అనను, మార్కెట్ అని కూడా అనను. పన్నులు వసూలు చేసే చెయ్యి ఆగలేదు, సాయం చేసే చెయ్యి మాత్రం వెనక్కి పోయింది. ధర ధాన్యాన్ని తెస్తుంది, కొనే శక్తిని తేలేదు. ఆ శక్తి లేనివాడికి ఎవరో ఒకరు ఇవ్వాలి, బంధువులో, గుడో, చర్చో, ఊరో, వాళ్లవల్ల కాకపోతే ప్రభుత్వమో. ఆ కరువు చూశాకనే 1880ల్లో కరువు నియమావళి రాసి, జనం చేతికి కూలి డబ్బు అందించాలన్నారు. మన బుడమేరు వరదకే రండి. నేల అంతస్తు మునిగిన ఇంటికి ప్రభుత్వం 25,000 రూపాయలు ఖాతాలో వేసింది. నేను పన్ను కట్టినందుకు సంతోషించిన పనుల్లో అదొకటి. ఆ డబ్బుతో వాళ్లు గిన్నెలే కొనుక్కున్నారో, పరుపులే కొనుక్కున్నారో వాళ్ల ఇష్టం. పేదవాణ్ణి ఆదుకోవడానికి నీళ్ల క్యాన్ ధర కట్టెయ్యక్కర్లేదు.

ధరలు కట్టేసే విధానం ఎలా పనిచేస్తుందో నేను లోపలి నుంచి చూశాను, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. 1960ల్లో ఆహార ధాన్యాలకు జోన్లు పెట్టారు, అంటే ఒక ప్రాంతం ధాన్యం హద్దు దాటి ఇంకో ప్రాంతానికి పోకూడదన్నారు. మన దగ్గర బియ్యం మిగిలిపోయి రైతుకు ధర లేదు, పక్క రాష్ట్రంలో జనం బియ్యం కోసం క్యూలో నిలబడ్డారు. మధ్యలో చెక్‌పోస్టు. రాత్రిపూట సరిహద్దు దాటించేవాళ్లు బాగుపడ్డారు, మా నాన్నగారిలా పగలు వ్యాపారం చేసేవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. అంతకు ముందు 1943లో బెంగాల్ ఆకలితో చచ్చిపోతుంటే పక్క ప్రాంతాలవాళ్లు తమ ధాన్యం బయటికి పోకుండా గేట్లు వేసుకున్నారు. దాన్నుంచి కూడా మనం నేర్చుకోలేదు.

తర్వాత లెవీ. మిల్లులో ఆడించిన బియ్యంలో పెద్ద వాటా ప్రభుత్వం చెప్పిన ధరకు ఇస్తేగానీ మిగతాది బయట అమ్ముకోవడానికి కాగితం వచ్చేది కాదు. ఆ కాగితం కోసం ఎన్ని చేతులు తడపాలో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఒక ఏడాది నా గోడౌన్‌కు తనిఖీకి వచ్చారు. స్టాక్ రిజిస్టరుకూ గోడౌన్‌కూ ముప్పై బస్తాల తేడా ఉంది. ఆ పొద్దున దించిన లోడు ఇంకా రాయలేదు, అంతే. సీలు వేసి వెళ్లారు. సీలు తీయడానికి ఏం అడిగారో, ఎవరు అడిగారో ఇక్కడ రాయను. నేను ఇవ్వనన్నాను. వానాకాలం రెండు నెలలు తలుపు తీయలేదు. తీసేసరికి మూడొంతుల బియ్యం పురుగుపట్టి ముక్కిపోయింది. తినగలిగే బియ్యాన్ని, జనం తినకుండా, అక్రమ నిల్వలు ఆపే చట్టమే కుళ్లబెట్టింది. పక్క గోడౌన్‌వాడు అడిగింది ఇచ్చాడు, మూడో రోజుకు సీలు తీశారు. నిజాయితీగా ఉన్నవాడికి నష్టం, లంచం ఇచ్చినవాడికి లాభం వచ్చేలా పెట్టిన రూలు ఏ మతం ప్రకారం మంచిదో నాకు చెప్పండి. లెవీ 2015 అక్టోబరులో పోయింది. నిల్వల మీద హద్దులు పెట్టే నిత్యావసర వస్తువుల చట్టం 1955 నాటిది, ఇప్పటికీ ఉంది. 2020లో దాన్ని సడలించారు, ఆ సడలింపును 2021లో మళ్లీ వెనక్కి తీసుకున్నారు.

ఎగుమతుల సంగతీ ఇంతే. 2023 జులైలో తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు, 2024 సెప్టెంబరు దాకా ఎత్తలేదు. కాకినాడ పోర్టులో హమాలీల పని తగ్గింది, ఇక్కడ రైతుకు రావాల్సిన ధర రాలేదు. ప్రపంచంలో దేశాలు దాటే బియ్యంలో దాదాపు నూటికి 40 మనవే. మనం తలుపు వేస్తే ఆఫ్రికాలో బెనిన్ లాంటి చోట్ల కూలివాడి కంచంలో అన్నం ఖరీదైపోతుంది. వాడు మన ఓటరు కాదు కాబట్టి మన లెక్కలోకి రాడు. దేవుడి లెక్కలో వాడూ ఉన్నాడని నేను నమ్ముతాను. కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి మన ఇళ్లల్లో ఎవరూ పెద్దగా వాడరు, అది సింగపూర్, మలేసియా వైపు వెళ్లే సరుకు. 2020 సెప్టెంబరులో ఉల్లి ఎగుమతి ఆపినప్పుడు దాన్నీ ఆపేశారు. రైతులు మొత్తుకుంటే అక్టోబరులో 10,000 టన్నులకు, అదీ చెన్నై పోర్టు నుంచి మాత్రమే అనుమతి ఇచ్చారు. ఉల్లి ధర పెరిగినప్పుడు పట్నంవాడి కన్నీళ్లు టీవీలో కనిపిస్తాయి. 2025లో కర్నూలు మార్కెట్‌లో ధర పడిపోయి క్వింటాలు 1,200కు ప్రభుత్వమే కొనాల్సి వచ్చింది. పెరిగిన ఏడాది రైతును నాలుగు రూపాయలు చూసుకోనిస్తే పడిన ఏడాది తట్టుకునేవాడు.

మన నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారు, రాజాజీ గారు 1959లో స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు ఈ పర్మిట్లు, లైసెన్సుల రాజ్యాన్నే తిట్టారు. రాజాజీ గారిని చూసి ఎవరూ దైవభక్తి లేదనలేరు కదా. మనిషి చెయ్యాల్సిన ధర్మాన్ని సర్కారు తన చేతిలోకి లాక్కుంటే మనిషికి ధర్మం చేసే అవకాశమే ఉండదని ఆయన బాధ. మా నాన్నగారు రాజకీయాలు మాట్లాడేవారు కాదు గానీ ఆ ఒక్క మాటకు తల ఊపేవారు.

దానం గురించి చెప్పకుండా ముగిస్తే నా జవాబు సగమే అవుతుంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఏ వేళ వచ్చినా, ఏ కులంవాడు వచ్చినా అన్నం పెట్టారు. గోదావరి దాటే బాటసారులకు ఆమె ఇల్లే సత్రం. 1909లో పోయిన ఆ తల్లి పేరును 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి పెట్టారు, సంతోషం. ఆమె పెట్టిన అన్నం ఎక్కడి నుంచి వచ్చింది? భర్త జోగన్న గారి పొలాల్లో పండింది. ఆ రైతు పండించి గిట్టుబాటు చేసుకున్నాడు కాబట్టే ఆమె పొయ్యి ఆరలేదు. ఆమెను ఎవరూ బలవంతం చెయ్యలేదు, అందుకే అది దానం. మా బజారులోనూ బస్తాకు ఇంత అని గుడికీ సత్రానికీ తీసిపెట్టే ఆచారం ఉండేది, వ్యాపారం బాగున్న ఏడాది సత్రంలో రెండో పంక్తి లేచేది.

ఇక మీ కొట్టు. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ అచ్చువేసి ఉన్న సరుకు దానికి మించి అమ్మకండి. అది తూనికలు కొలతల చట్టం ప్రకారం నేరం. ఆ రూలు వరదలో నష్టం చేస్తుందని నా అభిప్రాయం, దాన్ని మార్చమని నేను ఎక్కడైనా అంటాను. మారేదాకా పాటించండి. రేటు పెంచడానికి వీల్లేని సరుకుకు మనిషికి ఇన్ని అని హద్దు పెట్టండి, మీ నాన్నగారు చెయ్యనిది అదొక్కటే. క్యాన్లు, విడి బియ్యం, కూరగాయలు లాంటివి తెప్పించడానికి ఎంత ఖర్చయిందో ఒక అట్ట మీద రాసి కొట్టు ముందు కట్టండి: సరుకు ఇంత, ట్రాక్టరు ఇంత, మా లాభం ఇంత. కోపంగా వచ్చినవాడు అది చదివి సగం చల్లబడతాడు, నేను చూశాను. డబ్బు లేనివాడికి ఇవ్వడానికి రోజూ కొంత విడిగా పక్కన పెట్టండి, అది మీ లాభంలోంచి, మీ ఇష్టంతో. గల్లాపెట్టెలో దానికో అర ఉంచితే చెయ్యి దానికి అలవాటు పడుతుంది.

మీ నానమ్మగారితో వాదన పెట్టుకోవద్దు. తులాధారుడి కథ ఆవిడకు తెలిసే ఉంటుంది, ఆవిడ నోటే చెప్పించుకుని వినండి. మళ్లీ వానలు మొదలవక ముందే ఆ వీధి చివరి కొట్టాయన దగ్గరికి మీ నాన్నగారిని తీసుకెళ్లండి. ట్రాక్టరు ఎవరిదో, ఏ దారిన వెళ్లాడో, గన్నవరంలో ఎవరిచ్చారో ఆయనకు తెలుసు. ఇంటింటికీ ఎవరి దగ్గర డబ్బుందో లేదో మీ నాన్నగారికి తెలుసు. ఇద్దరూ కలిసి కిరాయి మాట్లాడి పెట్టుకుంటే, ఈసారి మూడో రోజు కూడా ఆ వీధిలో నీళ్లుంటాయి, కొనలేనివాళ్లకు ఎవరు ఇవ్వాలో కూడా ముందే తేలి ఉంటుంది.